తప్పు వెనుక ఉన్న ఆలోచనను ఎవరు చూస్తారు?

తరగతి గదుల్లోకి డిజిటల్ తెరలు వచ్చాక ఉపాధ్యాయుడి పని పర్యవేక్షణకే పరిమితమవుతుందన్న ఒక వ్యాసకర్త అభిప్రాయంతో, గుంటూరులో 30 ఏళ్లు లెక్కలు చెప్పి విరమణ పొందిన నేను ఏకీభవించలేకపోతున్నాను. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులతో పాటు వారికి బోధించే ఉపాధ్యాయులకూ ట్యాబ్‌లు ఇచ్చారు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక 'దీక్షా'లోని పాఠాలు తెరుచుకునే సదుపాయం అంతకు ముందు నుంచే ఉంది. ఇవి మంచివే. గుండె కవాటాల కదలికను సుద్దముక్కతో ఎంత గీసినా చూపలేం.

అయితే 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసిన పిల్లవాడికి యంత్రం సాధారణంగా ఎర్రగుర్తు పెట్టి, సరైన జవాబు 5/6 అని చూపి ముందుకు పోతుంది. పై అంకెలను విడిగా, కింది అంకెలను విడిగా కూడాడని పసిగట్టి, 'సగం జామకాయకు ఇంకో ముక్క కలిపితే సగం కంటే తగ్గుతుందా, నాన్నా?' అని అడిగేది ఉపాధ్యాయుడే. ఈ ఒక్క పొరపాటును పట్టే సాఫ్ట్‌వేర్ తయారు చేయవచ్చు, కాదనను. కానీ అర్థం కాకపోయినా తల ఊపే వెనుక వరుస అమ్మాయిని గమనించడానికి ఎదురుగా మనిషి ఉండాలి. నా చివరి ఏళ్లలో ఇచ్చిన శిక్షణలో ప్యానెల్‌ను, అంటే తరగతి గదిలోని డిజిటల్ తెరను, ఎలా వాడాలో చెప్పారు గాని, వీడియోను ఎక్కడ ఆపి ఏ ప్రశ్న వేయాలో ఎవరూ చర్చించలేదు.