శిబిరాలు ఎత్తేశాక

ఘోర ప్రమాదం జరగగానే కెమెరాలు వస్తాయి, నేతలు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు. పది రోజుల్లో అందరూ వెళ్లిపోతారు. బతికి బయటపడినవారికి, అయినవారిని పోగొట్టుకున్నవారికి అసలు యాతన అప్పుడే మొదలవుతుంది. సహాయక చర్యల్లో మనసుకు ఇప్పటికీ తగిన చోటు దక్కడం లేదన్నది మా ఆవేదన.

1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడిని కప్పేసింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలే. బతికి బయటపడిన పిల్లల్లో కొందరిని 33 ఏళ్ల తర్వాత పరిశోధకులు పరీక్షిస్తే, 29 శాతం మందిని పీటీఎస్‌డీ (ఘోర అనుభవం తర్వాత మనసును వెంటాడే మానసిక రుగ్మత) అప్పటికీ వదల్లేదని తేలింది. కాలమే అన్నీ మాన్పుతుందని చెప్పి చేతులు దులుపుకునేవారు ఈ సంగతి గమనించాలి.

అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, కారణం లేకుండా టెన్షన్ పడటం చాలామందిలో మెల్లగా తగ్గుతాయి. తగ్గనివారిని గుర్తించి వైద్యం అందించాలి. అలాగని మర్నాడే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పమని ఒత్తిడి చేయకూడదు. అలాంటి ఒక్కరోజు కౌన్సెలింగ్ పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ముందు కావలసింది భద్రత, సొంతవారి తోడు, చెప్పుకుంటే వినే మనిషి. ‘చెయ్యి పట్టుకునే ఉన్నాడు, నేనే వదిలేశాను’ అని కుమిలిపోతున్నవారితో ‘నువ్వు అదృష్టవంతుడివి’ అనడం ఓదార్పు కాదు.

గల్లంతైనవారి కుటుంబాల బాధ మరీ దారుణం. ఆసుపత్రి గోడకు కొత్త జాబితా అంటించిన ప్రతిసారీ వేలు పెట్టి పేరు వెతుక్కుంటారు. స్విచ్ఛాఫ్ అని వస్తున్నా అదే నంబరుకు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారు. ఏడిస్తే తామే ఆశ వదులుకున్నట్టవుతుందని భయం. ఇలాంటివారికి మందుల కంటే ముందు నిజం కావాలి. డీఎన్ఏ ఫలితం టీవీలో స్క్రోలింగ్ చూసి తెలుసుకునే దుస్థితి ఏ తల్లికీ రాకూడదు. ప్రతి కుటుంబానికీ ఒక అధికారిని కేటాయించి, తెలిసినంతవరకు ఎప్పటికప్పుడు ఆయనే చెప్పాలి. మృతదేహాన్ని చూడాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టానికే వదిలేయాలి.

శవాలు వెలికితీసిన సిబ్బందికీ ఈ సాయం అందాలి. పునరావాస నిధుల్లో మానసిక వైద్యానికి విడిగా కేటాయింపు ఉండాలి. అది కనీసం మొదటి వర్ధంతి దాటేవరకైనా కొనసాగాలి.