సైనికుడు వేరు, సర్కారు వేరు

2025 మే 10న భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పుల విరమణ ప్రకటన వెలువడినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక తగవు తెగడం లేదు. రచ్చబండ దగ్గర, టీ దుకాణం ముందు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో, మాకు వచ్చే పాఠకుల లేఖల్లో అదే రగడ. పహల్గాంలో 26 మందిని పొట్టనపెట్టుకున్న ముష్కరులు అంత లోపలికి ఎలా రాగలిగారు, అంతమంది పర్యాటకులు చేరే చోట భద్రత ఎందుకు కొరవడింది, నాలుగు రోజుల పోరు ఏ షరతుల మీద ఆగింది అని కొందరు అడుగుతున్నారు. సరిహద్దులో మన పిల్లలు ప్రాణాలొడ్డుతుంటే ఇక్కడ నీడపట్టున కూర్చుని ప్రభుత్వాన్ని తప్పుపట్టడం శత్రువుకు వంతపాడటమేనని మరికొందరు మండిపడుతున్నారు. వరసైనవాళ్లు సైతం ఈ మాట మీద ఎడమొహం పెడమొహం అయిన ఇళ్లున్నాయి.

మండిపడుతున్నవారి బాధ మాకు అర్థమవుతుంది. ఈ రెండు జిల్లాల్లో ఆ బాధ ఊరికే పుట్టింది కాదు. తెల్లవారకముందే కళాశాల మైదానాలకు, ఊరి బయటి తారురోడ్లకు వెళ్లి చూడండి. చెప్పుల్లేకుండా కొందరు, అన్నయ్య వాడి వదిలేసిన బూట్లతో కొందరు కుర్రాళ్లు పరుగు తీస్తుంటారు. సైన్యంలో చేరడానికి పెట్టే పరీక్షలో 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు. ఆ తర్వాత బీమ్ పట్టుకుని పుల్‌అప్‌లు, తొమ్మిదడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ నడక. రెండెకరాల వర్షాధారపు భూమి, వలసపోయిన తండ్రి, చదువుకున్న చదువుకు దొరకని కొలువు, వీటన్నిటికీ ఆ పరుగే జవాబు. అలా వెళ్లిన కుర్రవాడు మే మొదటి వారంలో ఇంటికి ఫోన్ చేసి, "నాలుగు రోజులు ఫోన్ కలవదు, కంగారుపడకు అమ్మా" అని పెట్టేశాడంటే, ఆ నాలుగు రాత్రులూ ఆ తల్లి టీవీ ముందు ఎలా గడిపిందో ఊహించుకోవచ్చు. ఆ వేళలో పక్కింటివాడు ప్రభుత్వాన్ని తిడితే తన కొడుకునే తిట్టినట్టు ఆమెకు తోస్తుంది.

అయినా అదే తల్లి పక్కన కూర్చుని కాసేపు వినండి. మావాడికి మంచి జాకెట్ ఇచ్చారా, ఆ మంచులో వేసుకోవడానికి ఏమున్నాయి, వాణ్ని అక్కడికి పంపింది ఎవరు, ముందే తెలిసి కూడా పట్టించుకోలేదంటున్నారు, నిజమేనా, జరగరానిది జరిగితే కోడలికి పింఛను వస్తుందా? ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా సైనికుడి మీద వేసినది కాదు. అన్నీ ఢిల్లీలో నిర్ణయాలు తీసుకున్నవారి మీద వేసినవే. యుద్ధ నిర్వహణ మీద విమర్శ అంటే ఇదే. ఆమె గుండెలో అణిగి ఉంటే ఆవేదన, పక్కింటి మాస్టారు పైకి అంటే దేశద్రోహం ఎలా అవుతుంది? సైనికుణ్ని, సర్కారును ఒకే గాటన కట్టడం వల్లే ఈ పొరపాటు జరుగుతోంది. ఒకరు ప్రాణం పెడుతున్నారు, మరొకరు ఆ ప్రాణాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తున్నారు. రెండోవారిని అడగకపోతే మొదటివారికి అన్యాయం చేసినట్టే.

"అడగండి, కానీ ఇప్పుడు కాదు, అంతా సద్దుమణిగాక" అనే మధ్యేమార్గం ఒకటి బాగా వినిపిస్తోంది. వినడానికి సబబుగానే ఉంది. మన దేశ చరిత్ర మాత్రం దాన్ని సమర్థించదు.

1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. మన జవాన్లు నూలు దుస్తులతో, కాన్వాస్ బూట్లతో, పాత త్రీనాట్‌త్రీ తుపాకులతో హిమాలయాల చలిలో నిలబడ్డారు. యుద్ధం జరుగుతుండగానే పార్లమెంటును పిలవాలని జనసంఘ్ నాయకుడు, అప్పటికి నలభై ఏళ్లయినా నిండని అటల్ బిహారీ వాజపేయి పట్టుబట్టారు. నెహ్రూ కాదనలేదు. నవంబరు 8న సభ కొలువుదీరింది. రహస్యంగా సమావేశమవుదామన్న సూచన వస్తే, దేశమంతా ఆసక్తిగా ఉన్న విషయాన్ని తలుపులు మూసి చర్చించబోమని ప్రధాని తోసిపుచ్చారు. సరిహద్దులో తుపాకులు మోగుతుండగా సభ్యులు ప్రభుత్వాన్ని కడిగేశారు. సొంత పార్టీ ఎంపీల ఒత్తిడికే రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి పోయింది. అది కూడా యుద్ధం ముగియకముందే. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం స్వతంత్ర భారతంలో మొట్టమొదటిది. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు పడి అది వీగిపోయింది. దాన్ని బలపరిచిన స్వతంత్ర పార్టీకి నాయకుడైన ఎన్.జి. రంగాను 1967లో ఇదే శ్రీకాకుళం ఓటర్లు లోక్‌సభకు పంపారు. యుద్ధం మీద ప్రభుత్వాన్ని నిలదీసిన మనిషని వారు ఆయన్ను వెలివేయలేదు.

ఆ విమర్శలు సైన్యాన్ని నీరసపరిచాయా? పర్వత యుద్ధానికి ప్రత్యేక డివిజన్లు ఏర్పడ్డాయి, సైన్యం పెరిగింది, మూడేళ్లకే 1965లో పాకిస్తాన్‌ను నిలువరించగలిగాం. అడగని చోట ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఆ ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ ఇచ్చిన నివేదికను ఏ పార్టీ ప్రభుత్వమూ ఈనాటికీ అధికారికంగా బయటపెట్టలేదు. "తర్వాత చూద్దాం" అన్నది అరవై ఏళ్లు దాటినా తర్వాతగానే మిగిలిపోయింది.

1999లో కార్గిల్ వేళ రాజ్యసభను ప్రత్యేకంగా సమావేశపరచాలని ప్రతిపక్షం కోరితే వాజపేయి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఒకనాడు తానే కోరినదాన్ని ఆయన కాదనడం మాకు అప్పుడూ ఇప్పుడూ మింగుడుపడని విషయమే. అయితే జూలై 26న యుద్ధం ముగిసిన మూడు రోజులకే సుబ్రహ్మణ్యం కమిటీని వేసి, దాని నివేదికను 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు ఉంచిన ఘనత కూడా ఆయనదే. 527 మంది ప్రాణాలు తీసిన ఆ చొరబాటును నిఘా వ్యవస్థ పసిగట్టలేకపోయిందని ఆ నివేదిక దాపరికం లేకుండా చెప్పింది. డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ వంటి సంస్థలు ఆ తర్వాత పుట్టినవే. త్రివిధ దళాల అధిపతి (సీడీఎస్) పదవికి కూడా బీజం అక్కడే పడింది.

ఇక గల్వాన్. ఆ పేరు వింటే విజయనగరం గుండె ఇప్పటికీ కలుక్కుమంటుంది. 2020 జూన్ 15 రాత్రి చైనా సైనికులతో ఘర్షణలో నేలకొరిగిన 20 మందికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. చదివింది మాత్రం మన కోరుకొండ సైనిక పాఠశాలలో. నాలుగు రోజుల తర్వాత జరిగిన అఖిలపక్ష సమావేశంలో, మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదని ప్రధాని అన్నారు. అలాగైతే మనవాళ్లు ఎక్కడ, ఎందుకు చనిపోయారని దేశం నలుమూలల నుంచీ ప్రశ్నలు వచ్చాయి. మరునాడే ప్రధాని కార్యాలయం వివరణ ఇవ్వాల్సి వచ్చింది. జవాన్లను ఆయుధాలు లేకుండా పంపారా అన్న ప్రశ్నకు, వారి దగ్గర ఆయుధాలున్నాయని, చైనాతో కుదిరిన 1996, 2005 ఒప్పందాల ప్రకారం తుపాకులు వాడరని విదేశాంగ మంత్రి జవాబిచ్చారు. ఆ ఒప్పందాల సంగతి అప్పటిదాకా సామాన్యులకు ఎంతమందికి తెలుసు? ప్రశ్న వచ్చింది కాబట్టే సంగతి బయటపడింది. ఆ తర్వాత సరిహద్దులో కాల్పుల నిబంధనలే మారాయి. ఆ రోజు ప్రశ్నించినవారిని సైతం చైనా తొత్తులన్నవారున్నారు.

పహల్గాం విషయంలోనూ అంతే. భద్రతా వైఫల్యం అన్న మాట మే నెలలో నోరు జారినవారికి చీవాట్లు పడ్డాయి. జూలైలో జమ్మూకశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నరే అది నిస్సందేహంగా భద్రతా వైఫల్యమని, బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు. యుద్ధవిమానాల నష్టం గురించి అడగడం కూడా పాపమే అయింది. మే 31న సింగపూర్‌లో త్రివిధ దళాధిపతే (సీడీఎస్) నష్టం జరిగిందని, తప్పు తెలుసుకుని సరిదిద్దుకున్నామని చెప్పారు. అధికారంలో ఉన్నవారు వారాలో నెలలో గడిచాక చెప్పిన మాటను పౌరుడు ముందే అంటే నేరమెలా అవుతుంది?

ఈ అసహనం ఎంత దూరం పోయిందో గుర్తుచేసుకుంటే బాధ కలుగుతుంది. పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న నౌకాదళ అధికారి భార్య, ముస్లింల మీదో కశ్మీరీల మీదో పగబట్టవద్దని, న్యాయం జరగాలని కోరినందుకు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. కాల్పుల విరమణ వార్త చదివి వినిపించినందుకు విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ కుటుంబాన్ని కూడా వదల్లేదు. వారిద్దరిలో ఎవరూ ప్రభుత్వాన్ని పల్లెత్తు మాటనలేదు. విమర్శకుల నోరు నొక్కడం ఒకసారి మొదలైతే అది విమర్శకుల దగ్గర ఆగదు.

ఈ తీరు మనకు పరాయి పాలన నుంచి సంక్రమించిన జబ్బు. 1942లో బర్మా జపాను వశమైనప్పుడు, పొట్టచేతపట్టుకుని రంగం (రంగూన్) వెళ్లిన ఉత్తరాంధ్ర కూలీలు అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన తిరిగొచ్చారు. దారిలో రాలిపోయినవారికి లెక్క లేదు. తెల్లవారికి మెరుగైన దారులు, బండ్లు దక్కాయి. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడితే జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగెత్తారు. వీటి మీద నోరెత్తినవారిని అణచడానికి భారత రక్షణ నిబంధనలు సిద్ధంగా ఉండేవి. మరుసటి ఏడాది బెంగాల్‌లో లక్షల మంది ఆకలికి మలమల మాడి చస్తుంటే, యుద్ధం పేరుతో ఆ వార్తనే తొక్కిపెట్టారు. 1943 ఆగస్టు 22న 'స్టేట్స్‌మన్' పత్రిక వీధుల్లో పడివున్న అన్నార్తుల ఫొటోలు అచ్చువేశాకే లోకానికి నిజం తెలిసింది. దాన్ని నడిపింది ఆంగ్లేయ సంపాదకుడు. యుద్ధం చేస్తున్నది ఆయన దేశమే. ఆయన ఆ ఫొటోలు వేయకుండా ఊరుకుని ఉంటే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో!

అలాగని యుద్ధవేళ ఏదైనా అనవచ్చని మేము చెప్పడం లేదు. పక్కనే తూర్పు నౌకాదళం ఉన్న ప్రాంతం మనది. ఏ ఓడ ఎప్పుడు కదిలిందో, ఏ రెజిమెంటును ఎక్కడికి పంపారో ఇంట్లోవాళ్లకు ఫోన్లో చూచాయగా తెలుస్తుంటుంది. ఆ సంగతి వీధిలో చెప్పినా, ఫోన్లో పంచినా ప్రాణాలకే ముప్పు. ఇంటివారికి కబురు అందకముందే మృతుడి పేరు ప్రచారం చేయడం క్రూరత్వం. పుకారును ప్రశ్నగా మార్చి వదలడం, జవాను త్యాగాన్ని కించపరచడం, మన ఓటమికి సంబరపడటం, వీటిని విమర్శ అని మేము ఎన్నడూ అనం. కానీ కరాచీ రేవు నేలమట్టమైందని, ఇస్లామాబాద్ మన వశమైందని మే నెల రాత్రుల్లో టీవీ ఛానళ్లు చెప్పిన అబద్ధాలూ ఇదే కోవలోకి వస్తాయి. నిజమైన ప్రశ్న వేసినవాడి మీద విరుచుకుపడినవారు ఆ అబద్ధాలకు చప్పట్లు కొట్టారు. కొడుకు క్షేమం కోసం టీవీకి అతుక్కుపోయిన తల్లికి ఆ రాత్రి నిజం కావలసి ఉంది.

చట్టం ఏమంటోందో పోలీసు అధికారులు కూడా గుర్తుంచుకోవాలి. కోరుకొండ సైనిక పాఠశాల 1962 జనవరి 18న ప్రారంభమైంది. సరిగ్గా రెండు రోజులకు, జనవరి 20న, సుప్రీంకోర్టు కేదార్‌నాథ్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. హింసకు, అలజడికి ఉసిగొల్పనంత వరకు ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదంది. పాత్రికేయుడు వినోద్ దువా మీద పెట్టిన కేసును 2021లో కొట్టేస్తూ అదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది. కొత్త న్యాయసంహితలోని 152వ సెక్షన్ కూడా, చట్టబద్ధమైన మార్గాల్లో ప్రభుత్వ చర్యలను మార్పించే ఉద్దేశంతో తెలిపే అసమ్మతి తన కిందికి రాదని వివరణలోనే స్పష్టం చేస్తోంది. ఊళ్లో ఎవరో ఫోన్లో రాసిన నాలుగు ముక్కలు చూపించి మరొకరు ఠాణాకు వస్తే, కేసు కట్టేముందు ఆ వివరణ ఒక్కసారి చదవండి.

మన మత్స్యకారుల కుటుంబాలు ఈ ధైర్యాన్ని ఎప్పుడో చూపాయి. వేరావల్ వెళ్లి గుజరాత్ బోట్లలో వేటకు దిగిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయింది. రెండు నెలలు దాటగానే పుల్వామా, ఆ వెంటనే బాలాకోట్. దేశమంతా యుద్ధం మాటే. అటువంటి వేళ శత్రుదేశం జైల్లో ఉన్నవారి గురించి అడగడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయినా ఎచ్చెర్ల తీరంలోని ఆడవాళ్లు అధికారి గడపనీ, నాయకుడి గడపనీ వదల్లేదు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇంటికి చేరారు. వాళ్లు నోరు మూసుకుని ఉంటే దేశభక్తి పెరిగేదా?

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మన గడపలోనే ఉంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరిన కుర్రవాడు నాలుగేళ్లే సైనికుడు. పోరులో చనిపోతే అతని కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం అందుతాయి. పక్కనే అదే తూటాకు బలైన రెగ్యులర్ జవాను భార్యకు చివరి జీతంతో సమానమైన పింఛను జీవితాంతం వస్తుంది. అగ్నివీరుడి ఇంటికి ఆ పింఛను లేదు. ఇద్దరికీ ఒకే ప్రయోజనాలు ఇవ్వాలని పార్లమెంటు రక్షణ స్థాయీసంఘమే సిఫారసు చేసింది. మన రెండు జిల్లాల ఎంపీలూ కేంద్రంలోని అధికార కూటమి సభ్యులే. ఒకరు మంత్రివర్గంలోనూ ఉన్నారు. ఆ సిఫారసును ఎప్పుడు అమలు చేస్తారో ఒకరు సభలో, మరొకరు మంత్రివర్గంలో అడగాలి. వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని, మేము ఇదే పుటలో అచ్చువేస్తాం.