రోజూ జనవరి ఒకటే

(పొద్దున్న. టేబుల్ కింద నల్ల డబ్బా. ఇంట్లో అందరూ దాన్ని సీపీయూ అనే అంటారు. అసలు సీపీయూ అంటే లోపలున్న చిన్న బిళ్ళ మాత్రమేనని శ్రీమతి ఒకసారి చెప్పబోయి, చెప్పినందువల్ల ఒరిగేదేమీ లేదని మానేసింది.)

శ్రీవారు: ఏమోయ్, ఇది మళ్ళీ అడుగుతోంది.

శ్రీమతి: ఏమని?

శ్రీవారు: ఎఫ్1 నొక్కమని.

శ్రీమతి: నొక్కండి.

శ్రీవారు: రోజూ నొక్కాలా? ఆ కీ మీద అంకె కూడా అరిగిపోయింది. ఇక లాభం లేదు. ఇవాళ నిశ్చయించేశాను. అప్‌గ్రేడ్!

శ్రీమతి: దేన్ని?

శ్రీవారు: దీన్నే. ఇంకేముంది ఈ ఇంట్లో?

శ్రీమతి: ఏమో, నా వైపు చూస్తూ అంటుంటేనూ. సరే, జరగండి. ముందు మీ బరువు ఎక్సెల్‌లో ఎక్కించాలి.

శ్రీవారు: అదెక్కడికి పోతుంది? నా దగ్గరే ఉంటుందిగా. ముందు ఈ లిస్టు చూడు.

(జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. మడతల దగ్గర నలిగిన తీరు చూస్తే ఇది ఇవాళ్టి నిశ్చయం కాదని తెలిసిపోతూనే ఉంది.)

శ్రీమతి: కొత్త ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు. లైట్లు వెలిగే ఫ్యాన్లు నాలుగు. లైట్లెందుకండీ?

శ్రీవారు: లోపల చల్లగా ఉంటుందిట.

శ్రీమతి: లైట్లకా?

శ్రీవారు: ఫ్యాన్లకి. లైట్లు వాటితో పాటు వస్తాయి. వద్దంటే బాధపడతాయని.

శ్రీమతి: మరి గ్రాఫిక్స్ కార్డు?

శ్రీవారు: వీడియో ఎడిటింగ్ మొదలుపెడదామనుకుంటున్నాను.

శ్రీమతి: పోయినేడాది గిటార్ మొదలుపెట్టారు. అది తలుపు వెనకాల ఉంది. సరే, ఇక్కడ ర్యామ్, అదే మెమరీ, అని రాసి పక్కన టిక్కు పెట్టారేం?

శ్రీవారు: టిక్కా? అది టిక్కు కాదు. పెన్ను జారింది.

శ్రీమతి: ఊఁ. ఇప్పుడు వినండి. మనది ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్. 2013లో వచ్చిన తరం. ఇప్పటి ప్రాసెసర్ తెచ్చి ఆ సాకెట్‌లో పెడితే కూర్చోదు.

శ్రీవారు: అయితే మదర్‌బోర్డు కూడా మారుద్దాం.

శ్రీమతి: కొత్త బోర్డుకి మన ర్యామ్ పట్టదు. మనది డీడీఆర్3 అనే పాత రకం.

శ్రీవారు: అదీ మారుద్దాం.

శ్రీమతి: మీరు రాసిన గ్రాఫిక్స్ కార్డుని మన పవర్ సప్లై మొయ్యలేదు. దానికి కరెంటిచ్చే కనెక్టరే మన దాంట్లో లేదు.

శ్రీవారు: సప్లై మారుద్దాం.

శ్రీమతి: మన మానిటర్‌కున్నది నీలం రంగు వీజీఏ అనే పాతకాలపు పోర్టు ఒక్కటే. ఇప్పటి కార్డులకి ఆ పోర్టే ఉండదు.

శ్రీవారు: ...మానిటర్ కూడా.

శ్రీమతి: ఎలకలు గోచీ కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని పెంచాట్ట. పిల్లికి పాల కోసం ఆవు, ఆవుని చూసుకోవడానికి పెళ్ళాం.

శ్రీవారు: ఆ సన్యాసి గురించి నాకు చెప్పక్కర్లేదు. రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఇంతకీ ఏం మిగుల్తుందంటావు?

శ్రీమతి: డబ్బా. అదీ, దాని మీద పిల్లాడు అంటించిన స్టిక్కరూ. బోర్డు బిగించే మరల కొలతలు 1995లో ఏటీఎక్స్ అని పెట్టినవే ఇప్పటికీ నడుస్తున్నాయి కాబట్టి అదొక్కటీ బతికింది.

శ్రీవారు: చూశావా! ఏదీ పారెయ్యకూడదని నేనెప్పుడూ అంటాను.

శ్రీమతి: ఎలకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకునే ముందు, ఎలక ఎక్కడుందో చూద్దాం. మీ బాధేమిటో వరసగా చెప్పండి.

శ్రీవారు: ఒకటి, ఎఫ్1. రెండు, ఆన్ చేశాక నేను స్నానం చేసి వచ్చినా తెర మీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. మూడు, ఏ సైట్ తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ నా కనెక్షన్ ప్రైవేట్ కాదని నాకు తెలీదా?

శ్రీమతి: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి.

శ్రీవారు: నాకు రెండు చేతులే.

శ్రీమతి: ఒక్క చెయ్యి చాలు. ఆఁ, టాస్క్ మేనేజర్ వచ్చింది. ఏమని ఉంది?

శ్రీవారు: సీపీయూ 14 శాతం. మెమరీ 93. డిస్క్ 100. అబ్బ, డిస్క్‌కి నూటికి నూరు!

శ్రీమతి: అవి పరీక్షలో మార్కులు కావు. ప్రాసెసర్ ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటోంది, హార్డ్ డిస్క్ ఊపిరాడక చస్తోంది అని అర్థం. మీరేమో ఆ ఖాళీగా ఉన్నదాన్నే మారుస్తానంటున్నారు.

శ్రీవారు: ఆఫీసుల్లోనూ అంతే కదా.

శ్రీమతి: బ్రౌజర్‌లో ఎన్ని ట్యాబులు తెరిచారు?

శ్రీవారు: ఒక పది.

శ్రీమతి: నలభై ఒకటి. పైన చిన్న చిన్న గీతల్లా కనిపిస్తున్నాయి చూడండి, అవన్నీ మీరు తర్వాత చదువుదామనుకున్నవి. ఉన్న ర్యామ్ 4 జీబీ. అది నిండిపోగానే మిగిలిందంతా హార్డ్ డిస్క్ మీద పెట్టుకుని, కావలసినప్పుడల్లా అక్కడికి పరిగెత్తాలి. ఆ డిస్క్‌లో ఓ పళ్ళెం తిరుగుతుంటుంది, నిమిషానికి 7200 చుట్లు.

శ్రీవారు: అంటే సెకనుకి... 120! అంత తిరుగుతున్నా తిడతావేం పాపం?

శ్రీమతి: తాళాలు వెతికేటప్పుడు మీరూ ఇల్లంతా అలాగే తిరుగుతారు. దొరుకుతాయా? పెద్ద ఫైలు ఒక్కటే వరసగా చదవమంటే సెకనుకి 100 ఎంబీ పైనే చదువుతుంది. కానీ విండోస్ లేవాలంటే వేల చిన్న చిన్న ఫైళ్ళు కావాలి. ఒక్కోదానికీ చదివే ముల్లు కదలాలి, పళ్ళెం ఆ చోటుకి తిరిగి రావాలి. ఎస్‌ఎస్‌డీ అని చిప్పులతో చేసిన డిస్క్ ఉంది, అందులో ముల్లూ లేదు, పళ్ళెమూ లేదు. మన హార్డ్ డిస్క్ వైరుకే తగిలించే సాటా రకమైతే సెకనుకి 500 ఎంబీ దాకా.

శ్రీవారు: 3500 వచ్చేవి కూడా ఉన్నాయని విన్నాను. చూయింగ్ గమ్ ముక్కలా ఉంటుందట.

శ్రీమతి: ఉంటుంది. దాన్ని గుచ్చే స్లాట్ మన బోర్డు మీద లేదు. మనకి సాటా చాలు. చుక్కలు తిరగడం ఆగితే అదే పదివేలు.

శ్రీవారు: పోనీ, కొత్త విండోస్ అయినా వేద్దామా?

శ్రీమతి: విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం నుంచీ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మనకి రెండూ లేవు. ఇప్పుడున్న విండోస్ 10కి సపోర్టేమో 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

శ్రీవారు: అయిపోవడమేంటి! మన కంప్యూటర్‌లో తేదీ చూడు, కింద మూల. 2014 జనవరి 1. ఆ లెక్కన విండోస్ 10 ఇంకా పుట్టనేలేదు. అది వచ్చింది 2015లో.

(శ్రీమతి తేదీ వైపు చూసింది. ఆగి, మళ్ళీ చూసింది.)

శ్రీమతి: ఇది ఎన్నాళ్ళ నుంచీ ఇలా ఉంది?

శ్రీవారు: ఓ రెండు నెలలు. పాతదైపోయింది కదా, పాతరోజులు తలుచుకుంటోందేమో అనుకున్నాను.

శ్రీమతి: అయ్యో రామ! అందుకా ఎక్సెల్‌లో... నేను తేదీ కోసం వారం వారం కంట్రోల్, సెమికోలన్ నొక్కి ముందుకి పోతున్నాను. చూడండి, మీ బరువు ఎనిమిది వరసలు. అన్నిటికీ 1-1-2014.

శ్రీవారు: (వంగి చదువుతూ) 74. 74.5. 75. 76... 78. ఒక్కరోజులో నాలుగు కిలోలా! నేనేం చేశానే ఆ రోజు?

శ్రీమతి: రెండు నెలల్లో అండీ. రాత్రి పడుకునేటప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తున్నారా?

శ్రీవారు: ఆపుతాను. పొదుపు. ఆ విషయంలో నన్ను మెచ్చుకోవాలి.

శ్రీమతి: మెచ్చుకుంటాను. ఆపితే లోపలి గడియారం బోర్డు మీదున్న చిన్న బ్యాటరీతో నడవాలి. ఆ బ్యాటరీ పోయింది. కరెంటు ఆగగానే దానికి మతిమరుపు. పొద్దున్న లేచి, నేనెవర్ని, ఎఫ్1 నొక్కండి అంటోంది. సైట్లు తెరుచుకోకపోవడమూ ఇందుకే. ప్రతి సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని సర్టిఫికెట్ ఉంటుంది. మనం 2014లో కూర్చుని చూస్తే ఆ తేదీ ఇంకా రానట్టే.

శ్రీవారు: ఇంటర్నెట్‌ని అడిగి తెలుసుకోవచ్చుగా అసలు తేదీ?

శ్రీమతి: నిమిషాల్లో తేడా అయితే సర్దుకుంటుంది. ఏళ్ళ తేడా అంటే నమ్మదు. పదండి, విప్పుదాం. స్విచ్ ఆపి, వైరు పీకి, ముందు ఆ ఇనుము ముట్టుకోండి. ఒంట్లో స్టాటిక్ కరెంటుంటే చిప్పులు పోతాయి.

(పక్క రేకు లాగారు. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దుమ్ములా లేదు, బూడిదరంగు కంబళిలా ఉంది. దాని అంచు పట్టుకుని లాగితే ఒక్క ముక్కగా వచ్చింది. అందులో ఓ జుట్టు పిన్నీసు, పిల్లాడి పాలపన్నంత ఎరేజర్ ముక్క. పిన్నీసు ఎవరిదన్న చర్చ ఐదు నిమిషాలు నడిచింది. ఇక్కడ రాయదగ్గది కాదు.)

శ్రీమతి: రెక్కని వేలితో పట్టుకుని బ్రష్ కొట్టండి. ఊదితే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇదిగో, ఈ ర్యామ్ స్లాట్ పక్కన ఈ గీతలేమిటి? ఎవరో గీరినట్టున్నాయి.

శ్రీవారు: పుట్టుమచ్చలేమో.

శ్రీమతి: ఏవండీ.

శ్రీవారు: ...పోయిన నెల ఒకటి కొన్నాను. 16 జీబీ. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని. ఎంత నొక్కినా దిగలేదు.

శ్రీమతి: నొక్కారా!

శ్రీవారు: కొంచెమే. మోకాలు పెట్టలేదు.

శ్రీమతి: తీసుకురండి ఇటు.

(సొరుగులో, కరెంటు బిల్లుల అడుగున దొరికింది. శ్రీమతి పాత ర్యామ్ ఊడదీసి రెండిటినీ వెలుతురుకి ఎదురుగా పక్కపక్కన పట్టుకుంది. కింద పసుపు పళ్ళ వరసలో రెండిటికీ చెరో గాటు. పాతదాని గాటు ఒక చోట, కొత్తదాని గాటు ఇంకో చోట.)

శ్రీమతి: ఇది డీడీఆర్3. 240 పిన్నులు, 1.5 వోల్టులు. మీరు తెచ్చింది డీడీఆర్4. 288 పిన్నులు, 1.2 వోల్టులు. మనలాంటి వాళ్ళు పొరపాటున గుచ్చకుండా ఉండాలనే గాటు చోటు మార్చి పెట్టారు.

శ్రీవారు: చూశావా, ముందుచూపు! రేపు కొత్త బోర్డు కొంటే అందులో ఇది పనికొస్తుంది.

శ్రీమతి: ఇప్పటి కొత్త బోర్డులు చాలామటుకు డీడీఆర్5. దాని గాటు ఇంకో చోట.

శ్రీవారు: (కాసేపాగి) అయితే కీచైన్ చేయించుకుంటాను.

శ్రీమతి: తిరిగి ఇచ్చెయ్యండి, తీసుకుంటే. మనకి సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 ఒక్క 4 జీబీ ముక్క చాలు. మొత్తం 8 అవుతుంది. అంతకు మించి ర్యామ్ మీద ఖర్చు పెట్టద్దు. రేపు ఈ బోర్డు పోతే ర్యామ్ కూడా దానితోనే పోతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే సాటా ఉన్న ఏ కంప్యూటర్‌లోకైనా పట్టుకెళ్ళచ్చు. ముందు ఫోటోలన్నీ ఇంకో చోట కాపీ చేసి, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ బదులు లైనక్స్ వేసి చూద్దాం. దానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి.

శ్రీవారు: లైనక్సా? అందులో పేకాట ఉంటుందా?

శ్రీమతి: వీడియో ఎడిటింగ్ అన్నారు?

శ్రీవారు: మధ్యలో. వీడియో తయారయ్యేలోపు.

శ్రీమతి: ఉంటుంది లెండి. ఇప్పుడు ముందు ఈ బ్యాటరీ. ఇదిగో, బొత్తాంలా ఉంది. దీని మీద ఏం రాసుందో కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

శ్రీవారు: సీఆర్2032. 3 వోల్టులు. సీఆర్2032... ఈ నెంబరు నేనెక్కడో చూశానే.

(కళ్ళు మెరిశాయి. లేచారు. గత ఆరు నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ చూడనంత వేగంగా లోపలి గదిలోకి వెళ్ళారు. అక్కడేదో మూత ఊడిన చప్పుడు.)

శ్రీమతి: ఏం పీకారు?

శ్రీవారు: (వచ్చి, అరచెయ్యి చాపి) బరువు చూసుకునే మిషన్‌లోది. అచ్చం ఇదే. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకపోయింది.

శ్రీమతి: మరి ఆ మిషన్?

శ్రీవారు: త్యాగం. ఇంటికోసం ఎవరో ఒకరు చెయ్యాలి.

(ప్లస్ గుర్తు పైకి. క్లిప్పు టక్కుమంది. రేకు మూసి, వైరు పెట్టి, బయాస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల తెరలో, తేదీ సరిచేసి, పరీక్ష కోసం స్విచ్ ఆపి మళ్ళీ వేశారు. ఎఫ్1 అడగలేదు. శ్రీవారి వేలు మాత్రం అలవాటుగా ఎఫ్1 మీదే ఉంది. చుక్కలు తిరిగాయి, తిరిగాయి, ఇంకా తిరిగాయి. ఎస్‌ఎస్‌డీ రాలేదు కదా. చివరికి తెర వచ్చింది. కింద మూల ఇవాళ్టి తేదీ.)

శ్రీవారు: సైట్ తెరుచుకుంది! నా కనెక్షన్ మళ్ళీ ప్రైవేట్ అయింది!

శ్రీమతి: జరగండి, అది నా షీటు. కంట్రోల్, సెమికోలన్... తేదీ సరిగ్గా పడింది. చెప్పండి, ఇవాళ ఎంత?

శ్రీవారు: మిషన్ పని చెయ్యట్లేదు కదా, పాపం.

శ్రీమతి: ఎస్‌ఎస్‌డీతో పాటు ఆ బిళ్ళ కూడా ఇంకోటి తీసుకురండి. ఇప్పుడే లిస్టులో రాయండి, నా ముందు.

శ్రీవారు: రాస్తున్నాను. ఎస్‌ఎస్‌డీ. ర్యామ్, డీడీఆర్3, 4 జీబీ. సీఆర్2032. ఇదిగో, చాలా?

శ్రీమతి: ఏదీ... ఆ చివరిది రాసి కొట్టేశారేం?

శ్రీవారు: పెన్ను జారింది.