తట్టలకొద్దీ చిప్పలున్నాయి కదా, ఇంక గోల దేనికి?

"యూరప్‌లో ఆల్చిప్పల కోసం నదుల్లో పనులు ఆపేస్తున్నారట! మన దుందుభి నదిలో తట్టలకొద్దీ ఉన్నాయి. ఇసుక తీస్తే పక్కకు జరుగుతాయి. లేదంటే తెచ్చి మూసీలో వేయండి, నీళ్లన్నా బాగుపడతాయి." వారంలో మూడు గ్రూపుల్లో వచ్చింది ఈ మెసేజ్. పంపినవాళ్లలో మా బావ కూడా ఉన్నాడు కాబట్టి కొంచెం ఓపికగానే జవాబు రాస్తున్నా.

తట్టలకొద్దీ దొరికేవి ఖాళీ చిప్పలు. చిన్నప్పుడు మేమూ ఏరుకొచ్చేవాళ్లం. ఉబ్బు వైపు బండకేసి రుద్ది చిల్లు పెడితే, దాని అంచుకు మామిడికాయ చెక్కు సన్నగా లేచొచ్చేది. అవన్నీ చచ్చినవాటి లెక్క. బతికున్నది ఇసుకలో దిగబడి, కొస మాత్రం పైకి పెట్టి ఉంటుంది.

ఒకటి ఒప్పుకోవాలి. మన చెరువుల్లో ఎక్కువగా కనబడే రకం, లామెల్లిడెన్స్ మార్జినాలిస్, అంతరించేవాటి జాబితాలో లేదు. యూరప్‌లో వాళ్లు కాపాడుతున్నది వేరే, మంచినీటి ముత్యపు చిప్ప. అది వందేళ్లకు పైగా బతకగలదు. తిరకాసంతా అక్కడే. ముసలివి బాగానే కనబడుతున్నా, పిల్లలే లేని నదులున్నాయక్కడ. చూసినవాడు 'బోలెడున్నాయి' అనుకుంటాడు, మా బావలాగే.

పిల్లలెందుకు లేవు? పుట్టిన పిల్ల కొన్ని నెలలు చేప మొప్పలకు అంటుకుని బతకాలి. ఆ రకానికి సాల్మన్, ట్రౌట్ జాతి చేపలే కావాలి. చేప దాటలేని ఆనకట్టను చిప్పా దాటలేదు. మొప్ప వదిలాక కొన్నేళ్లు ఏటి అడుగున గులకరాళ్ల సందుల్లో దాక్కుంటుంది. సన్నటి ఒండ్రు ఆ సందులను పూడ్చేస్తే ఊపిరాడక చస్తుంది. ఏటి అడుగును తోడితే లేచే బురద చేసే పని అదే.

పక్కకు జరుగుతాయా? జరుగుతాయి, ఒంటి కాలితో, అంగుళం అంగుళం. జేసీబీ బకెట్ అంతసేపు ఆగదు.

ఇక మూసీ. ఆల్చిప్ప నీళ్లు పీల్చి నాచునూ నలుసులనూ వడగడుతుంది, నిజమే. మూసీలోకి వచ్చేది నాచు ఒక్కటే అయితే బాగుండు. సీసం, కాడ్మియం లాంటివి దాని ఒంట్లో పోగవుతాయి తప్ప మాయం కావు. మురుగు ముదిరి ఆక్సిజన్ పడిపోతే అదే చస్తుంది. హైదరాబాద్ మురుగును హైదరాబాద్‌లోనే శుద్ధి చేయాలి. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోపు చిప్పలు చేసిపెడతాయని కూర్చుంటే ఎట్లా?

బావా, ఈసారి దుందుభికి పోతే తట్ట తీసుకుపోకు. రెండు చిప్పలూ మూసుకుని ఉన్న, వేలిగోరంత పిల్ల ఒక్కటి కనబడితే ఫొటో తీసి పెట్టు. దాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచు.