బ్రేకులో గాలి, ఇంట్లో గాలిదుమారం

ఆ రోజు సెల్లార్‌లోంచి కారు తీసి గేటు దగ్గర బ్రేకు తొక్కితే కాలికి బ్రేకు తగల్లేదు, సాంబారులో నానిన ఇడ్లీ తగిలింది. పెడల్ మెత్తగా కిందికి పోయి ఎక్కడో నేల దగ్గర ఆగింది, కారేమో వాచ్‌మన్ కుర్చీకి జానెడు దూరంలో ఆగింది. వాచ్‌మన్ కనీసం లేవలేదు. మియాపూర్‌లో ఎనిమిదేళ్లుగా నా డ్రైవింగ్ చూస్తున్నాడు కదా, అలవాటైపోయినట్టుంది.

కారుకి జబ్బు చేసినా మనిషికి చేసినట్టే, దారిన పోయేవాళ్లంతా డాక్టర్లు. పై ఫ్లాట్ ఆయన ప్యాడ్లు అరిగాయన్నాడు. పాలబ్బాయి టైర్లలో గాలి చూడమన్నాడు. వీధి చివర మెకానిక్ అయితే బానెట్ కూడా ఎత్తకుండా "మాస్టర్ సిలిండర్ పోయింది సార్, నాలుగున్నర వేలవుద్ది" అనేశాడు. పొరుగు ఫ్లాట్లో ఒక బాబాయి గారు ఉన్నారు, గుంటూరు వైపు ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు, ఆయన మాత్రం ఏమీ అనకుండా పెదవి విరిచారు. అదే ఎక్కువ భయపెట్టింది.

నాలుగున్నర వేలు అనేసరికి నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. మాస్టర్ సిలిండర్ అంటే మన తొక్కుడుని ఆయిల్ ద్వారా చక్రాలకి పంపే భాగం, దాని సంగతి తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంజను ఆన్‌లో పెట్టి పెడల్‌ని గట్టిగా తొక్కి అలాగే పట్టుకోవాలి. లోపల రబ్బరు సీళ్లు పోతే ఆయిల్ పక్కనుంచి జారిపోయి పెడల్ మెల్లగా దిగిపోతూనే ఉంటుంది. నాది దిగలేదు. పైగా చకచకా మూడు నాలుగు సార్లు తొక్కితే గట్టిపడుతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ ఇడ్లీ. వెనక చక్రాల డ్రమ్ముల్లో బ్రేకు షూలు బాగా వదులైనా ఇలాగే ఉంటుంది కానీ వాటిని పోయిన నెలే సరిచేయించాను. ఇక మిగిలింది, ఆయిల్ వెళ్లే లైన్లో గాలి. నూనె నొక్కితే నలగదు, తొక్కిన బలమంతా చక్రం దాకా మోసుకెళ్తుంది. గాలి నలుగుతుంది. అంటే మనం తొక్కే తొక్కుడంతా ఆ బుడగని నలపడానికే సరిపోతుంది.

టార్చి వేసి నాలుగు చక్రాల వెనకా చూశాను. ఎక్కడా తడి లేదు. లీకు లేకుండా గాలి ఎలా దూరింది చెప్మా అని తల గోక్కుంటుంటే వీధిలో వాటర్ ట్యాంకర్ హారన్ వినపడింది, నాకు గుండె జారిపోయింది.

పోయిన ఆదివారం కథ ఇది. యాదగిరిగుట్ట వెళ్దామనుకున్నాం, అక్కడ గుట్ట దిగాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుందనీ, డాట్ 3 రకం కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదనీ, తేమ బాగా పట్టాక 140కే మరిగినా మరగొచ్చనీ ఎక్కడో చదివాను. ఇంకేం, మెడికల్ షాపులో సిరంజి కొనుక్కొచ్చి బానెట్ కింద డబ్బాలోని నల్లటి ఆయిలంతా లాగేశాను. కొత్త ఆయిల్ కోసం పైకి వెళ్లబోతుంటే ట్యాంకర్ వచ్చింది, "సార్ కారు తీయండి" అని వాచ్‌మన్ కేకలు. తీశాను. ఖాళీ డబ్బాతో, ముందుకీ వెనక్కీ, పది సార్లు బ్రేకు తొక్కుతూ, ఆయిల్ బదులు గాలిని లైన్లోకి పంపుతూ. ఆ తర్వాత నీట్‌గా కొత్త ఆయిల్ పోసి చేతులు కడుక్కున్నాను. ఈ విషయం ఇంట్లో చెప్పలేదు.

గాలి తీయాలంటే ఇద్దరుండాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవాళ్లు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌ని పానాతో కొంచెం వదులు చేయాలి, బుడగలతో ఆయిల్ పైపులోంచి సీసాలోకి వస్తుంది, నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలి మళ్లీ లోపలికే. మా కారుకి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలు. మా ఆవిడ సీట్లో, నేను జాకీ ఎక్కించిన చక్రం దగ్గర, మావాడు ఆయిల్ డబ్బా ఇన్‌చార్జ్.

"నొక్కు!"

"నొక్కానండీ!"

"వదలొద్దు!"

సరిగ్గా అప్పుడే ఎవరో బోరు మోటారు వేశారు. ఆ రొదలో "వదలొద్దు"లో "ఒద్దు" కొట్టుకుపోయింది. ఆవిడ వదిలింది. సీసాలోకి వచ్చిన బుడగలు వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాయి. ఇలా నాలుగు సార్లు జరిగాక, పెళ్లైన పదిహేనేళ్లలో నేను ఏ మాటా సరిగ్గా చెప్పలేదని తేలింది. చివరికి ఆవిడే మార్గం చెప్పింది, పానాతో రిమ్ము మీద ఒక దెబ్బ కొడితే నొక్కాలి, రెండు కొడితే వదలాలి. బానే సాగుతుండగా పిల్లల క్రికెట్ బంతి వచ్చి డోరుకి తగిలింది, ఆవిడ నొక్కింది, అది వేరే సంగతి. ఈలోగా మావాడు ఆయిల్ ఒలకబోశాడు. అది పెయింటుని తినేస్తుంది కాబట్టి బకెట్‌తో నీళ్లు గుమ్మరించాం. ట్యాంకర్ నీళ్లే.

రెండున్నర గంటలు, అర లీటరు ఆయిల్. పెడల్ రాయిలా నిలబడింది. సెల్లార్‌లో మెల్లగా రెండు చుట్లు తిప్పి చూశాను, తొక్కిన చోటే ఆగింది.

"మరి గాలెట్లా దూరిందంటారూ?" అంది మా ఆవిడ. నేను వాతావరణం గురించి ఏదో అన్నాను. మావాడు "నాన్నా, ఆ సిరంజి పారేయనా?" అన్నాడు. తర్వాతి పది నిమిషాలు ఇక్కడ రాయడం లేదు.

సాయంత్రం బాబాయి గారు అమీర్‌పేట వెళ్లాలంటే, రండి దింపుతానన్నాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

"బ్రేకుల్లో గాలంతా తీసేశావా?"

"మొత్తం తీసేశాం బాబాయి గారూ, చుక్క లేదు."

ఆయన నా మొహం వంక జాలిగా చూశారు. బస్సు బ్రేకులు పనిచేసేదే గాలితో, ముప్పై ఏళ్లూ ఆయన పొద్దున్నే ట్యాంకులో గాలి నిండిందని ముల్లు చూపిస్తేనే గానీ బస్సు కదిలించలేదట.

"నేను మెట్రోలో పోతాలే నాయనా" అన్నారు.