గ్వెంట్‌లో వెదర్ కార్డులు దండగ అనే మాట నిజం కాదు

సంక్రాంతి సెలవుల్లో మా బాబాయి కొడుకు ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. ద విచర్ 3 అనే వీడియో గేమ్ ఆడుతూ, కథని పక్కన పెట్టేసి, అందులోని గ్వెంట్ అనే కార్డుల ఆటలో ఇరుక్కుపోయాడు. ఆటలోని నోవిగ్రాడ్ నగరంలో ఒక వ్యాపారి చేతిలో వరసగా నాలుగుసార్లు ఓడిపోయాడట. డెక్ చూపించమన్నాను. నిల్ఫ్‌గార్డ్ డెక్ (గ్వెంట్‌లో ఉండే కార్డుల కట్టల్లో ఒకటి), కార్డులన్నీ బాగానే ఉన్నాయి. మంచు, వాన లాంటివి తెప్పించే వెదర్ కార్డు మాత్రం ఒక్కటీ లేదు.

"అవి దండగ కదన్నా. అందరూ తీసెయ్యమనే చెప్తారు" అన్నాడు.

నిజమే, అందరూ అదే చెప్తారు. గ్వెంట్ మొదలుపెట్టిన ప్రతివాడికీ తగిలే మొదటి సలహా ఇది: "వెదర్ కార్డులు తీసి పక్కన పడెయ్. అవి రెండు వైపులా కొడతాయి. వాటితో బల్లమీద ఒక్క పాయింటు కూడా రాదు. హీరోలకు తగలవు. ఎదుటివాడు క్లియర్ వెదర్ ఒక్కటి వేస్తే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ చోట్లో స్పైలు, డెకాయ్‌లు (బల్లమీది మన కార్డుని తిరిగి చేతికి తెచ్చేవి) పెట్టుకో." చెప్పేవాళ్ల మీద నాకు కోపమేం లేదు. కానీ ఈ సలహా విన్నవాడు ఆటలో సగం ఆడకుండానే వదిలేస్తున్నాడు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తాను.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. ద విచర్ 3ని పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015 మే 19న విడుదల చేసింది. అందులో గ్వెంట్‌కి ఇద్దరు ఆటగాళ్లు, మూడు రౌండ్లు. బల్లమీద యూనిట్ కార్డుల (సైనికుల) బలం మొత్తం ఎవరిది ఎక్కువైతే వాడిదే రౌండ్, రెండు గెలిచినవాడిదే ఆట. మొదట్లో చేతికి 10 కార్డులు వస్తాయి, వాటిలో రెండు మార్చుకోవచ్చు. తర్వాతి రౌండ్లకి మామూలుగా కొత్త కార్డులు రావు. ఉన్నవాటితోనే మూడు రౌండ్లూ ఈదాలి. ఒక్కొక్కరికి మూడు వరుసలు: క్లోజ్ కాంబాట్, రేంజ్డ్, సీజ్. బైటింగ్ ఫ్రాస్ట్ వేస్తే క్లోజ్ కాంబాట్ వరుసలో ఇద్దరి యూనిట్ల బలమూ ఒక్కొక్కటికి 1కి పడిపోతుంది. రేంజ్డ్ వరుసకి ఇంపెనెట్రబుల్ ఫాగ్, సీజ్ వరుసకి టొరెన్షియల్ రెయిన్ అదే పని చేస్తాయి. క్లియర్ వెదర్ అన్నిటినీ తుడిచేస్తుంది. రౌండ్ అయిపోతే వాతావరణం దానంతటదే పోతుంది.

ఇక మొదటి మాట: "రెండు వైపులా కొడతాయి." కొడతాయి, కాదనను. కానీ రెండు వైపులా ఒకే వరుసలో ఒకే బలం ఎప్పుడుంటుంది? మాన్‌స్టర్స్ డెక్ చూడండి. క్రోన్లు, వాంపైర్లు, నెక్కర్లు, గూల్స్, అన్నీ క్లోజ్ కాంబాట్‌లోనే. నిల్ఫ్‌గార్డ్‌లో పదేసి పాయింట్ల బ్లాక్ ఇన్‌ఫాంట్రీ ఆర్చర్లు రేంజ్డ్‌లో, ఫైర్ స్కార్పియన్లు సీజ్‌లో ఉంటాయి. ఈ రెండు డెక్‌ల మధ్య ఫ్రాస్ట్ పడితే దెబ్బ ఎవరికి? మంచు ఇద్దరి మీదా కురుస్తుంది గానీ, ఆ వరుసలో ఇల్లు కట్టుకున్నవాడే వణుకుతాడు. మనం కట్టుకోని వరుస ఏదో చూసుకుని దాని మీదికి వాతావరణం తేవడమే ఈ కార్డుల వాడకం. అంటే ఆలోచన ఆట మధ్యలో కాదు, డెక్ కట్టేటప్పుడే మొదలవ్వాలి. మూడు వరుసల్లోనూ తలా కాస్త యూనిట్లు పేర్చుకుని, తర్వాత ఫ్రాస్ట్ వేసి "నాకూ తగిలిందే" అంటే తప్పు కార్డుది కాదు.

"బల్లమీద ఒక్క పాయింటు కూడా రాదు" అనేది రెండో మాట. ఎక్కువమందిని పక్కదారి పట్టించేది ఇదే అని నా నమ్మకం. మన స్కోరు పెరగకపోవడం ఒక్కటే చూస్తున్నారు, ఎదుటివాడి స్కోరు ఎంత పడిందో చూడటం లేదు.

తమ్ముడి డెక్‌లో రెండు ఫ్రాస్ట్‌లు పెట్టించి, అదే వ్యాపారితో మళ్లీ ఆడించాను. ఎదుటివాడిది మాన్‌స్టర్స్. మొదట ఒక క్రోన్ వేశాడు. మస్టర్ గుణం వల్ల మిగతా ఇద్దరు క్రోన్లూ డెక్‌లోంచి వచ్చేశాయి. ఆరు చొప్పున 18. తమ్ముడు ఒక ఆర్చర్ వేశాడు, 10. అతను ఒక వాంపైర్ వేశాడు, ఐదుగురూ దిగిపోయారు. నాలుగు నాలుగులు, ఒక అయిదు. మొత్తం 39. తమ్ముడు హెవీ ఫైర్ స్కార్పియన్ వేశాడు, 20. అతను ఆరు పాయింట్ల ఫీండ్‌ని దింపాడు, 45. ఇక్కడ వాడికి టెన్షన్ మొదలైంది. చేతిలో ఉన్న ఇంకో ఆర్చర్ వేద్దామని చూస్తున్నాడు. వద్దన్నాను. ఫ్రాస్ట్ వేశాడు.

ఎదుటి వరుసలో తొమ్మిది కార్డులున్నాయి. 45 కాస్తా 9 అయింది. మన 20లో ఒక్కటీ తగ్గలేదు. ఒక్క కార్డుకి 36 పాయింట్ల తేడా! ఇంత చేసే యూనిట్ కార్డు ఈ ఆటలో ఏముంది? గెరాల్ట్, సిరి లాంటి అతి పెద్ద హీరోలవి కూడా తలా 15 పాయింట్లే.

అసలు రుచి ఆ తర్వాత ఉంది. అతను వేర్‌వుల్ఫ్ వేశాడు, 10 అయింది. ఇప్పుడు తమ్ముడు స్టెఫాన్ స్కెల్లెన్‌ని తీశాడు. ఇది స్పై కార్డు. ఎదుటివాడి వైపు పెట్టి, బదులుగా మనం రెండు కార్డులు తీసుకోవాలి. మామూలుగా స్కెల్లెన్‌ని వేస్తే ఎదుటివాడికి 9 పాయింట్లు ఇచ్చేసినట్టే. కానీ స్కెల్లెన్ వెళ్లేది క్లోజ్ కాంబాట్ వరుసకి, అక్కడ మంచు పడుతోంది. ఎదుటివాడికి దక్కింది 1. స్కోరు 11. అతను పాస్ అన్నాడు, అంటే ఆ రౌండ్‌లో ఇక కార్డు వేయడు. తర్వాత షిలార్డ్ ఫిట్జ్-ఓస్టర్లెన్, మామూలుగా 7, ఇప్పుడు 1. స్కోరు 12. తమ్ముడు 20 మీద పాస్ అని రౌండ్ గెలిచాడు. ఐదు కార్డులు ఖర్చు పెట్టి నాలుగు వెనక్కి తెచ్చుకున్నాడు, చేతిలో తొమ్మిది. ఎదుటివాడి చేతిలో మహా అయితే ఆరు. రెండో రౌండ్ మొదలవకముందే "అయిపోయిందన్నా" అన్నాడు. నిజంగానే అయిపోయింది.

ఇంతకు ముందు నాలుగుసార్లూ ఇవే స్పైలు వాడి దగ్గర ఉన్నాయి. వేసినప్పుడల్లా ఎదుటివాడికి 16 పాయింట్లు దానం చేసి, దాన్ని పూడ్చుకోవడానికే మంచి కార్డులు ఖర్చు పెట్టేవాడు.

దీంతోనే "ఆ చోట్లో స్పైలు పెట్టుకో" అన్న మాటకీ జవాబు వస్తుంది. డెక్‌లో కనీసం 22 యూనిట్ కార్డులుండాలి. ప్రత్యేక కార్డులు గరిష్ఠంగా 10. స్పై అనేది యూనిట్ కార్డు, ఆ 22లో లెక్క. ఫ్రాస్ట్ ప్రత్యేక కార్డు. ఈ రెండింటికీ చోటు తగాదా ఎక్కడుంది? డెకాయ్‌కీ ఫ్రాస్ట్‌కీ పోటీ ఉన్నమాట నిజమే, రెండూ ఆ 10లోనే సర్దుకోవాలి. పది చోట్లలో మూడు డెకాయ్‌లు, రెండు ఫ్రాస్ట్‌లు పట్టవా?

"హీరోలకు తగలవు." అవును, హీరో కార్డుల మీద ఏ ప్రత్యేక కార్డూ పనిచేయదు. హీరోలతో నిండిన డెక్ ఎదురైతే వెదర్ విలువ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ నియమం మనకీ వర్తిస్తుంది కదా. ఫ్రాస్ట్ వేసిన వరుసలో మన గెరాల్ట్‌ని నిలబెడితే 15 అలాగే ఉంటుంది. ఇంకోటి, వైట్ ఆర్చర్డ్ సత్రంలో పండితుడి దగ్గర ఆట నేర్చుకుని బయటకొచ్చినవాడికి మొదటి చాలా గంటల్లో ఎదురయ్యేవాళ్ల దగ్గర హీరోలు పెద్దగా ఉండరు. అంటే వెదర్ బాగా పండే రోజుల్లోనే కొత్తవాళ్ల చేత దాన్ని తీయించేస్తున్నారు.

టైట్ బాండ్ కార్డుల (ఒకే రకానివి పక్కపక్కన ఉంటే బలం పెరిగేవి) విషయం కూడా ఇక్కడే చెప్పాలి. నార్తర్న్ రెల్మ్స్‌లో బ్లూ స్ట్రైప్స్ కమాండోలు ఒక్కొక్కటి 4. ముగ్గురూ పక్కపక్కన నిలబడితే ఒక్కొక్కటి మూడింతలై 12 అవుతుంది, మొత్తం 36. ఫ్రాస్ట్ పడితే ముందు బలం 1 అవుతుంది, ఆ తర్వాత మూడింతలు. తలా 3, మొత్తం 9. వీళ్లు హీరోలు కారు. ఎదుటివాడు ఆటంతా వీళ్ల మీదే కట్టుకుని ఉంటాడు.

ఇక క్లియర్ వెదర్. "ఒక్కటి వేస్తే అంతా పోయింది" అంటారు. ఆ ఒక్కటి అతని చేతికి రావాలి ముందు, పది కార్డుల్లో. వచ్చి వేశాడే అనుకోండి, మనది ఒక కార్డు పోయింది, అతనిదీ ఒకటి పోయింది. లెక్క సరి. అందులో నష్టమేముంది? నష్టం వచ్చేది మనం ఫ్రాస్ట్, ఫాగ్ రెండూ ఒకదాని మీద ఒకటి వేసి, అతను ఒక్క కార్డుతో రెండూ తుడిచినప్పుడు. కాబట్టి ఒక్కసారికి ఒక్క వాతావరణమే, అదీ అతని యూనిట్లు దిగాక.

పైగా ఈ సలహా ఇచ్చేవాళ్లు, క్లియర్ వెదర్ అంటే ఎదుటివాడు వేసేదే అనుకుంటారు. మనం ఎందుకు వేయకూడదు? నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన ఎత్తు ఇదే. ప్రతి డెక్‌కీ ఒక ప్రత్యేక శక్తి ఉన్న నాయకుడి కార్డు ఉంటుంది. నార్తర్న్ రెల్మ్స్ నాయకుడు ఫోల్టెస్ట్‌కి ఒక రూపం ఉంది, లార్డ్ కమాండర్ ఆఫ్ ద నార్త్. చేతి కార్డు ఖర్చు కాకుండా వాతావరణం మొత్తం తుడిచేస్తాడు, ఆటకి ఒక్కసారి. ఒకసారి నిల్ఫ్‌గార్డ్ మీద చివరి రౌండ్. ఎదుటివాడు తన నాయకుడు ఎమ్హిర్ శక్తితోనే వాన తెప్పించాడు. నా సీజ్ కార్డులకు పనిలేదనుకోవాలి కదా! నేను ఆ వానలోనే రెండు కాటాపుల్ట్‌లు, ఒక ట్రెబుషెట్ దింపాను. కాటాపుల్ట్‌లవీ టైట్ బాండే, కాబట్టి 8 చొప్పున ఉండాల్సినవి వానలో 1 అయి, రెండింతలై తలా 2. ట్రెబుషెట్ 1. ముందు వరుసలో హీరో వెర్నన్ రోష్ 10. మొత్తం 15. అతను 31 దగ్గర చేతి కార్డులన్నీ అయిపోయి ఆగాడు. అప్పుడు ఫోల్టెస్ట్‌ని నొక్కాను. వాన ఆగింది. కాటాపుల్ట్‌లు తలా 16 అయ్యాయి, ట్రెబుషెట్ 6 అయింది. 15 ఉన్న స్కోరు 48కి ఎగిరింది. అతని సీజ్ వరుస ఖాళీ కాబట్టి వాన ఆగినా అతనికి కలిసొచ్చింది సున్నా.

ఇందులో ఇంకో రెండు సంగతులున్నాయి. వానలో ఉన్నంతసేపూ నా కాటాపుల్ట్‌లు చిన్నవిగా కనబడ్డాయి కాబట్టి, బల్లమీది అతి బలమైన యూనిట్‌ని కాల్చే స్కార్చ్ వేసినా వాటికి తగలదు. అతని పెద్ద కార్డుకే తగులుతుంది. రెండోది, ఎమ్హిర్‌కి వైట్ ఫ్లేమ్ అనే రూపం ఉంటుంది, అది ఎదుటి నాయకుడి శక్తినే రద్దు చేస్తుంది. నాయకుడితో వాన తెప్పించుకున్నాడంటే అతని ఎమ్హిర్ వైట్ ఫ్లేమ్ కాదని తేలిపోయింది. ఫోల్టెస్ట్ నాకు ఉన్నాడు. అది తెలిసే వానలో యూనిట్లు దింపాను.

నాయకుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఫోల్టెస్ట్ ఇంకో రూపం డెక్‌లోంచి ఫాగ్ తీసి వేస్తాడు, ఎమ్హిర్ ఒక రూపం రెయిన్, మరో డెక్ నాయకురాలు ఫ్రాన్సెస్కా ఒక రూపం ఫ్రాస్ట్. మాన్‌స్టర్స్ నాయకుడు ఎరెడిన్‌కి కమాండర్ ఆఫ్ ద రెడ్ రైడర్స్ అనే రూపంలో ఏ వెదర్ కార్డైనా ఎంచుకునే వీలుంది. వీళ్లు తీసేది చేతిలోంచి కాదు, డెక్‌లోంచి. "వెదర్ వేస్తే ఒక కార్డు ఖర్చు" అన్న వాదన ఇక్కడికొచ్చేసరికి నిలవదు. కానీ డెక్‌లో ఆ కార్డు ఒకటైనా ఉండాలి. అన్నీ తీసి పడేసినవాడికి ఈ నాయకులు ఉత్త బొమ్మలు. 2016లో బ్లడ్ అండ్ వైన్ అనే విచర్ 3 అదనపు భాగంతో వచ్చిన స్కెల్లిగే డెక్‌లోనూ రేంజ్డ్, సీజ్ రెండింటినీ ఒకేసారి కొట్టే స్కెల్లిగే స్టార్మ్ ఉంది. ఆ డెక్ నాయకుల్లో ఒకడైన కింగ్ బ్రాన్ ఉంటే వాతావరణంలో యూనిట్లు సగం బలమే కోల్పోతాయి. వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోని ఆటలో ఇలాంటి కార్డులు ఎందుకుంటాయి?

ఇంకో గందరగోళం కూడా ఉంది. 2018 అక్టోబర్‌లో పూర్తిస్థాయిలో వచ్చిన విడి ఆట, గ్వెంట్: ద విచర్ కార్డ్ గేమ్, వేరు. అందులో వరుసలు రెండే. వాతావరణం ఎదుటివాడి ఒక వరుస మీద పడి టర్న్ టర్న్‌కీ కొంచెం కొంచెంగా కొరుకుతుంది. దాని గురించి చెప్పిన సలహాని తెచ్చి విచర్ 3లో వాడితే పొసగదు.

ఆ సలహాలో నిజం ఎక్కడుందో కూడా చెప్తాను. ఐదారు వెదర్ కార్డులు కుక్కితే మొదటి పదిలోకి మూడు నాలుగు వచ్చి చెయ్యి చచ్చుబడుతుంది. రెండు చాలు, మహా అయితే మూడు. మన సొంత కార్డులతో కూడా సరిచూసుకోవాలి. విలెన్‌ట్రెటెన్‌మెర్త్ అనే డ్రాగన్ ఉంది. ఎదుటి క్లోజ్ కాంబాట్ వరుస మొత్తం 10 గానీ అంతకు పైన గానీ ఉంటేనే అందులోని బలమైన యూనిట్‌ని కాలుస్తుంది. ఫ్రాస్ట్ వేసి ఆ వరుసని మనమే 9కి దింపేస్తే డ్రాగన్ ఊరికే వచ్చి నిలబడుతుంది.

తమ్ముడి డెక్‌లో ఇప్పుడు రెండు ఫ్రాస్ట్‌లు, ఒక క్లియర్ వెదర్ ఉన్నాయి. డ్రాగన్‌ని తీసేశాడు.