వేగం సరే, షట్టరు ఎవరి చేతిలో?

ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఆనుకుని, లావాదేవీలను త్వరగా, చవకగా నడిపే లేయర్ టూ నెట్‌వర్కులను పోల్చే పట్టికల్లో మొదటి గడి ఎప్పుడూ వేగానిదే. ఇథీరియం 12 సెకన్లకు ఒక బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, వేస్తుంది. లేయర్ టూలైన ఆప్టిమిజం 2 సెకన్లకు, ఆర్బిట్రమ్ పావు సెకనుకు వేస్తాయి. క్రిప్టో ఎక్స్ఛేంజి కాయిన్‌బేస్ వారి లేయర్ టూ బేస్ 2025 నుంచి 200 మిల్లీసెకన్లలోనే ముందస్తు ధ్రువీకరణ ఇస్తోంది. అంకెలు నిజమే. కానీ వాటిని బట్టి నెట్‌వర్కును ఎంచుకోవడం, ధవళేశ్వరం దగ్గర కాలువ వడి చూసి శివారు చేనుకు నీరందుతుందని లెక్కగట్టినట్టే ఉంటుంది. షట్టరు ఎవరి చేతిలో ఉందో, వంతు తప్పితే ఎవరిని నిలదీయాలో శివారు రైతుకు ముందు తెలియాలి.

ఇక్కడ షట్టరు సీక్వెన్సర్. వచ్చిన లావాదేవీలను వరుసలో పెట్టే యంత్రాంగం అది. ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్ మూడింటిలోనూ దాన్ని నడిపేది ఒక్కో సంస్థే. వేగం గుట్టు కూడా అక్కడే ఉంది: పదిమందిని అడగనక్కర లేనివారు ఏ పనైనా త్వరగానే తేలుస్తారు. ఆ ఒక్కటి మొరాయిస్తే మాత్రం అంతా నిలిచిపోతుంది. 2023 డిసెంబరు 15న ఆర్బిట్రమ్ గంటకు పైగా ఆగింది. 2025 ఆగస్టు 5న బేస్ 33 నిమిషాలు ఆగింది. 2024 జూన్‌లో లీనియా అనే మరో లేయర్ టూలో జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. దాని మీద నడిచే వెలోకోర్ ఎక్స్ఛేంజి దోపిడీకి గురికాగా, దొంగను అడ్డుకోవడానికి నిర్వాహకులే బ్లాకుల తయారీ ఆపేశారు. ఉద్దేశం మంచిదే. రేపు అదే మీట ఎవరి మీద నొక్కుతారో ఎవరు చెప్పగలరు?

అందుకే నేను చూసేది బయటికి వచ్చే దారి. సీక్వెన్సర్ మొండికేసినా, లావాదేవీని నేరుగా ఇథీరియంలో దాఖలు చేస్తే ఆర్బిట్రమ్‌లో సుమారు 24 గంటల తరువాత, ఆప్టిమిజం తరహా గొలుసుల్లో (బ్లాక్‌చెయిన్లలో) 12 గంటల లోపు దాన్ని చేర్చుకోక తప్పదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన బోల్డ్ విధానంతో ఆర్బిట్రమ్‌లో తప్పుడు లెక్కను ఎవరైనా సవాలు చేయవచ్చు. అయినా ఆర్బిట్రమ్‌కున్న 12 మంది భద్రతా మండలిలో 9 మంది సంతకం పెడితే అత్యవసరంగా కోడ్ మార్చేయగలరు. పూర్తి వికేంద్రీకరణ ఇంకా దూరమే. ఆప్టిమిజం 2024 జూన్‌లో ఇలాంటి సవాలు వ్యవస్థనే తెచ్చింది, ఆగస్టులో లోపాలు బయటపడగానే తాత్కాలికంగా వెనక్కి తీసుకుంది. దాన్ని పరువు తక్కువగా చూసినవారున్నారు. బహిరంగంగా ఒప్పుకుని సరిదిద్దుకున్నందుకు నాకైతే నమ్మకం పెరిగింది.

ఇదంతా మన రొయ్యల చెరువు గట్టు మీద పెట్టి చూద్దాం. భీమవరం, ఉండి వైపు పట్టుబడి రోజున కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో లెక్కపెట్టి కౌంటు తేలుస్తారు, ధర దాన్ని బట్టే. కొనుగోలుదారు సొమ్మును ముందే ఒప్పంద కోడ్‌లో బంధించి, కౌంటు నమోదు కాగానే రైతుకు విడుదల చేసే ఏర్పాటు ఉందనుకుందాం. పట్టుబడికే గంటలు పడుతుంది కాబట్టి 2 సెకన్లకూ 200 మిల్లీసెకన్లకూ తేడా ఎవరికీ పట్టదు. 2024 మార్చిలో ఇథీరియంలో డెంకున్ మార్పు వచ్చాక రుసుము కూడా చాలాసార్లు రూపాయి లోపే. అసలు చిక్కు సొమ్ము బయటికి తీసుకోవడంలో ఉంది. ఆర్బిట్రమ్, ఆప్టిమిజంల నుంచి ఇథీరియానికి సొంత వంతెన (గొలుసుల మధ్య సొమ్ము చేరవేసే ఏర్పాటు) మీదుగా రావాలంటే, సవాలుకు గడువు ఇవ్వాలి కాబట్టి, దాదాపు 7 రోజులు ఆగాలి. మధ్యవర్తి వంతెనలు త్వరగా ఇస్తాయి, కానీ కమిషన్ పట్టుకుంటాయి. సవాలు కోసం ఆగకుండా లెక్క సరైనదని గణితంతోనే చూపే జీరో నాలెడ్జ్ రుజువులతో నడిచే స్టార్క్‌నెట్ వంటి లేయర్ టూలలో ఈ నిరీక్షణ గంటల్లోకి తగ్గుతుంది. (క్రిప్టో రూపంలో చెల్లిస్తే 1 శాతం టీడీఎస్ తలనొప్పి వేరే.) కౌంటు వివరాలు రాసిపెట్టడానికైతే చవకైనది ఏదైనా చాలు. సొమ్ము బంధించాల్సి వస్తే, ఆ నిరీక్షణ ఉన్నా, పైన చెప్పిన సవాలు దారి ఉంది కాబట్టి నేను ఆర్బిట్రమ్ వైపే మొగ్గుతాను. గట్టు మీద తప్పుడు కౌంటు రాస్తే దాన్ని పట్టుకునే గొలుసు మాత్రం ఏదీ లేదు.

ఆ పోలిక పట్టికల్లో కనిపించే ఇంకో గడి డెవలపర్ల సంఖ్య. దాన్ని నేను సగమే నమ్ముతాను. బేస్, ఆప్టిమిజం రెండూ ఓపీ స్టాక్ అనే ఒకే కోడ్ మీద పుట్టి పెరిగాయి. ఆ ఉమ్మడి కోడ్‌లో ఒకరు చేసిన మరమ్మతును ఎవరి ఖాతాలో రాయాలి? స్టార్క్‌నెట్ కైరో అనే సొంత ప్రోగ్రామింగ్ భాష అడుగుతుంది, కాబట్టి అక్కడ తక్కువ మంది కనిపించినా వచ్చినవారు తేలిగ్గా వెళ్ళిపోరు. ఆర్బిట్రమ్ 2024 సెప్టెంబరులో స్టైలస్ అనే ఏర్పాటు తెచ్చి రస్ట్ భాష తెలిసినవారికీ తలుపు తీసింది. ఎలక్ట్రిక్ క్యాపిటల్ నివేదిక ప్రకారం 2024లో ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన డెవలపర్లలో 17 శాతం మంది భారతీయులే. కాకినాడలోనో భీమవరంలోనో ఇప్పుడు మొదలుపెట్టేవారు ఇథీరియం ఒప్పంద కోడ్ రాసే భాష సాలిడిటీ నేర్చుకుంటే ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్ మూడింటిలోనూ పనికొస్తుంది. కైరో సంగతి తరువాత చూసుకోవచ్చు.